ఏకాదశి ఉపవాసం ఉన్న కుక్క

మా ఇంట్లో ఎలుకను చంపరు. బోనులో పడ్డదాన్ని పొద్దున్నే గుమ్మం ముందు పెట్టి, ఇంత బెల్లం ముక్క వేసి, దండం పెట్టుకుని, కాలవ అవతలి గట్టు మీద వదిలివస్తారు. గణపతి ఉపాసన ఉన్న ఇల్లు, ఆయన వాహనాన్ని మనమెలా చంపుతామన్నది మా మామగారి కాలం నుంచీ ఉన్న మాట. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ తంతు చూసి నా కళ్లు చెమర్చాయి. ఎంత దయగల ఇంట్లో పడ్డానో అని స్వామికి మొక్కుకున్నాను కూడా. తర్వాత తర్వాత అర్థమైంది, గట్టు మీద వదిలిన ఎలుక వదిలిన మనిషి కంటే ముందే ఇల్లు చేరుతుందని. ఒకసారి తోక సగం తెగినదాన్ని వదిలాం. నాలుగో రోజున ఆ సగం తోకే మళ్లీ బోనులో కూర్చుని బెల్లం కోసం ఎదురుచూస్తోంది. మా బావగారు దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టినా ఒప్పుకునే మనిషి కారు.

అలాంటి ఇంటికి కుక్క వచ్చింది.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. బడిపంతులుగా రిటైరయ్యారు, భార్య పోయి ఆరేళ్లయింది. తాతల నాటి నుంచి వచ్చిన కోవెల సేవ ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. సాయంత్రం పూట స్వామి దగ్గర కూర్చుని కీర్తన పాడతారు. గొంతు బాగుంటుంది, కాదనను. కోటబొమ్మాళికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న పెంకుటింట్లో ఆయన, అత్తగారు, మా ఆయన, నేను ఉంటాం. మా ఆయన మంచివారే కానీ అన్నగారు ఎడ్డెమంటే తెడ్డెమనే ధైర్యం ఏనాడూ చెయ్యలేదు.

బావగారు ఒక పెళ్లికని విశాఖపట్నం వెళ్లి, పాత స్నేహితుడి ఫ్లాట్‌లో ఒక చిన్న కుక్కను చూశారట. సోఫా మీద బొమ్మలా కూర్చుని, వచ్చినవాళ్లకు కాలు చాపి షేక్‌హ్యాండ్ ఇచ్చిందట. అలాంటిదే కావాలని కుక్కలమ్మే దుకాణానికి వెళ్లారు. దుకాణంవాడు ఈయన పిలకా, పంచే చూశాడు. బొచ్చు రాలదు, పెద్దగా తినదు, కదలకుండా పడి ఉంటుంది, పూజలు చేసుకునే ఇళ్లకు దీనికి మించిన జాతి లేదని చెప్పాడు. ముప్పై అయిదేళ్లు పిల్లల కుంటిసాకులన్నీ పట్టుకున్న పంతులుగారు వాడు చెప్పిన ప్రతి మాటా నమ్మారు. అట్టపెట్టెలో పెట్టుకుని ప్యాసింజరు రైల్లో తెచ్చారు. తెల్లటి ఒళ్లు, ఒక చెవి మీద గోధుమ రంగు మచ్చ, గుండీల్లాంటి కళ్లు. కాగితం మీద ఫాక్స్ టెరియర్ అని రాసి ఉంది. ఆ కాగితాన్ని బావగారు దేవుడి పటాల వెనక దాచారు. చదివి మాత్రం ఎరగరు.

దానికి ఒక మహాభక్తుడి పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇక నియమాలు మొదలయ్యాయి. దానికి రెండు పూటలా పెరుగన్నం, ఉప్పు లేని ముద్దపప్పు. శనివారం నుదుట కుంకుమ బొట్టు. ఏకాదశి నాడు పాలు, అరటిపండు తప్ప మరేమీ లేదు. చుట్టాలొస్తే బావగారు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇది పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు, పూర్వజన్మలో ఏదో సాధన చేసుకున్న జీవి అని చెప్పేవారు. చుట్టాలు ఆహా అనేవారు. ఒక పెద్దముత్తయిదువ దానికి తాంబూలంలోంచి అరటిపండు తీసి పెట్టి, నమస్కారం కూడా చేసింది. కుక్క మాత్రం ఎవరినీ చూసేది కాదు. దాని చూపంతా గాదె గది తలుపు మీద ఉండేది. ధ్యానంలో ఉందని బావగారు చెప్పేవారు.

మా ఇంటికి పాలు పోసే ఆమెది వెనక వీధిలో ఉన్న రైతుల ఇల్లు. ఆమె రోజూ గుమ్మంలో నిలబడి ఈ వైభవమంతా చూసేది. ఒకనాడు నాతో అంది.

"పంతులుగోరు కుక్కని కొన్నారంటన్నారు గానమ్మా, కుక్కే పంతులుగోర్ని కొనుక్కున్నట్టున్నాది."

నాకు నవ్వొచ్చింది. లోపల బావగారున్నారని పైట అడ్డం పెట్టుకున్నాను.

టీకా వేయించడానికి దాన్ని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లింది నేను. గేదెల, ఆవుల మధ్య దాన్ని బల్ల మీద పెడితే అక్కడి డాక్టరు నుదుట బొట్టు చూసి నవ్వాడు. ఏం పెడుతున్నారని అడిగాడు, చెప్పాను. ఇది ఏ జాతో ఎప్పుడైనా చదివారా అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. శృంగవరపుకోట దగ్గర మా పుట్టింట్లో మా నాన్నగారే నాకు బడి. కోవెల పని ముగించుకుని వచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, తెలుగూ సంస్కృతమూ నోటికి నేర్పారు. ఇంగ్లీషుకు మాత్రం అట్ట ఊడిన నిఘంటువు ఒకటి చేతిలో పెట్టి, ప్రతి మాటకూ ఊరూ పేరూ ఉంటాయి, అడిగి తెలుసుకో అన్నారు. ఆయన ఋణం ఏ జన్మలో తీర్చుకుంటానో తెలియదు. ఆ నిఘంటువు పక్కన పెట్టుకుని, ఫోనులో రోజుకు రెండు పేజీల చొప్పున ఆ కుక్కల చరిత్ర చదివాను. చదివినకొద్దీ మా ఇంట్లో జరుగుతున్నది చూసి నాకే సిగ్గేసింది.

టెరియర్ అన్న మాట నేల అనే అర్థమున్న మాటలోంచి వచ్చిందట. నేలలోకి దూరే కుక్క. నక్క బొరియలోకి దూరి నక్కను బయటికి తరమడానికి, ధాన్యపు కొట్లలో ఎలుకలను చంపడానికి ఇంగ్లండువాళ్లూ, స్కాట్లండువాళ్లూ తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతులివి. జమీందార్ల వేటకుక్కలు వేరే. ఇవి ఎక్కువగా కూలీనాలీ జనం పెంచుకున్నవి. బొగ్గు గనుల్లో దిగేవాళ్లు, నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్లు, పొలాల కాపలాదార్లు వీటిని సాకారు. ఇప్పుడు తల మీద రిబ్బను కట్టించుకుని, పట్టుకుచ్చులాంటి జుట్టు దువ్వించుకునే యార్క్‌షైర్ కుక్క ఉంది చూడండి, దాని తాతముత్తాతలు నేతగాళ్ల ఇళ్లలో, మిల్లుల్లో ఎలుకలు పట్టి బతికినవే. కొన్నిటికి తోక గట్టిగా ఉండాలని చూసుకునేవారట, బొరియలో ఇరుక్కుంటే పట్టుకుని లాగడానికి. మా ఇంట్లో ఉన్న జాతికి తెల్లరంగు ఎందుకయ్యా అంటే, తొందరలో నక్క అనుకుని దీన్నే కొట్టెయ్యకుండా. దానికి బావగారు చెప్పిన అర్థం సత్వగుణం.

ఆ దొరల మీదా నాకు గౌరవం కలగలేదు. ఎలుకలను గుంటలో పోసి, ఏ కుక్క ఎన్ని చంపుతుందో పందాలు కాసి, చుట్టూ చేరి అరిచేవాళ్లట. ఆ సరదా పోయాక ప్రదర్శనలు పెట్టారు. చెవి ఎంత వంగాలి, మచ్చ ఎక్కడుండాలి అని కొలతలు పెట్టుకుని బహుమతులిచ్చుకున్నారు. పని చేసే ప్రాణిని ముందు జూదానికీ, తర్వాత సింగారానికీ వాడుకున్నారు. మా బావగారు వచ్చి దాన్ని వేదాంతానికి వాడుకున్నారు. తేడా అంతే.

స్వభావం గురించి కూడా రాశారు. నేల కింద చీకట్లో యజమాని కేక వినిపించదు. ముందుకు పోవాలో వెనక్కి రావాలో కుక్కే తేల్చుకోవాలి. అందుకని ఎవరి మాటా వినని మొండితనాన్నే మెచ్చుకుని పెంచారు. తనకంటే పెద్ద జంతువును చూసి జంకదు. పట్టింది వదలదు. పని లేకపోతే ఇల్లు పీకి పందిరి వేస్తుంది. దీన్ని కదలకుండా పడి ఉండే బొమ్మ అని అమ్మిన ఆ దుకాణంవాడు ఏ పుణ్యక్షేత్రంలో మునిగితే శుభ్రపడతాడో నాకు తెలియదు.

ఇదంతా నేను కాలక్షేపానికి చదువుతున్న రోజుల్లోనే అత్తగారి కాలికి పుండు పడింది.

అత్తగారికి ఏళ్ల తరబడి షుగరు. పాదాలకు స్పర్శ లేదు, చెప్పు ఊడిపోయినా తెలియదు. ఎండలు ముదిరాక మధ్యాహ్నం గాదె గదిలో చాప వేసుకుని పడుకుంటారు. మట్టిగోడల గది, చల్లగా ఉంటుంది. ఒకరోజు లేచేసరికి కుడికాలి బొటనవేలి పక్క వేలి నుంచి రక్తం చాప మీద మడుగు కట్టింది. ఆవిడకు ఏమీ తెలియలేదు. కట్టు కట్టించాం. అది మానకముందే మళ్లీ అదే చోట మరో గాటు. శ్రీకాకుళంలో చూపిస్తే డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు, ఇంకొక్కసారి ఇలా అయితే వేలు తీసెయ్యాలి, విషం పైకి పాకితే పాదం సంగతి కూడా చెప్పలేనని. ఇంటికొచ్చాక అత్తగారు, కోవెల చుట్టూ ప్రదక్షిణం చెయ్యడానికి కాలుంటుందా అని ఒక్క మాట అడిగారు.

రెండోసారి గాటు పడినప్పుడు కుక్క ఆవిడ కాళ్ల దగ్గరే ఉంది. ధాన్యం బస్తాల పక్కన నేలను ముందుకాళ్లతో గోకుతూ, మట్టి ఎగజిమ్ముతూ కనిపించింది. బావగారికి అంతే చాలు. కరిచింది ఇదే అన్నారు. పైగా నట్టింట్లో గొయ్యి తవ్వుతోంది, ఇది దేనికి సూచనో తెలుసా అని గొంతు తగ్గించారు. మొన్నటిదాకా పూర్వజన్మ సాధన చేసుకున్న జీవి ఒక్క పూటలో అపశకునమైపోయింది. వీధి అరుగు స్తంభానికి గొలుసుతో కట్టేశారు. అది మంగళవారం. నాలుగు రోజులు నీళ్లు తప్ప ముట్టకుండా గాదె గది వైపే మొహం పెట్టి మొరిగింది.

గురువారం మధ్యాహ్నం అత్తగారి వేలి కట్టు పక్కన కొత్త గాటు పడింది.

కుక్క గొలుసుకే కట్టి ఉందండీ అని మా ఆయనతో అన్నాను. ఆయన అన్నగారి వైపు చూశారు. పాత పుండే ఒరుసుకుని తెగిందని బావగారు తేల్చేశారు. భావనపాడు నుంచి చేపలు తెచ్చే వ్యానతనితో మాట్లాడానని, శనివారం పొద్దున వచ్చి దీన్ని పట్టుకెళ్లి సముద్రం ఒడ్డున వదిలేస్తాడని, అక్కడైతే చేపలు తిని బతుకుతుందని చెప్పారు. తన చేతి మీదుగా దాని నియమం చెడకూడదు కాబట్టి ఆయన అటు వెళ్లరట.

శుక్రవారం నేను కట్టు మారుస్తుంటే పాలామె వంగి చూసింది. ఆమె మామగారికీ షుగరేనట.

"ఇది కుక్క గాటేటమ్మా? కుక్క కరిస్తే కోర దిగబడతాది. ఇది సూడు, కొసరు కొసరుగా కొరికీసింది. పందికొక్కు. మా మావకి రెండు కాలి వేళ్లు ఇలాగే పోనాయి. మొద్దుబారిన కాలు దానికి బంగాళాదుంప లెక్క."

గబగబా కట్టు ముగించి లేచాను. కుక్క తవ్విన చోటికి వెళ్లి చూశాను. బస్తా వెనక, గోడ మొదట్లో, నా పిడికిలి దూరేంత బొరియ ఉంది. దాని ముందు కొత్త మట్టి, ఊక, కట్టు గుడ్డ పీలిక ఒకటి.

ఆ పీలిక పట్టుకెళ్లి బావగారికి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి నాకే తిరిగిచ్చారు.

"మనం వాటికి బెల్లం పెట్టి పంపిస్తున్నాం గదమ్మా. మన కాలెందుకు కొరుకుతాయి?"

ఇన్నేళ్లలో ఎన్నో వెర్రి మాటలు విన్నాను, దేవుడి దయవల్ల మరిచిపోయాను కూడా. ఈ మాట మాత్రం మరిచిపోలేను. ఎలుకలు కృతజ్ఞత చూపిస్తాయని ఈయన లెక్క. కన్నతల్లి కాలి రక్తం ఆ లెక్కలోకి రాలేదు. మందు పెడదామంటే మహాపాపం అన్నారు, బోను పెడదామంటే రెండున్నాయి కదా అన్నారు. ఆ రెండు బోనులూ చిట్టెలుకలకు సరిపోయేవి. పందికొక్కు వాటి మీద కూర్చోగలదు.

నేనూ మినహాయింపు కాను. ఎన్నిసార్లు ఆ బోనులకు నేనే దండం పెట్టానో. ఎవరి ప్రాణమూ తియ్యని ఇంట్లో ఉన్నానని మురిసిపోయాను తప్ప, నేల కింద ఏం పెరుగుతోందో వంగి చూడలేదు.

శనివారం పొద్దున్న స్నానం చేసి స్వామి ముందు కూర్చున్నాను. ఎప్పుడూ ఏదీ అడగను, ఇచ్చినదానికి దండం పెట్టి లేస్తాను. ఆ రోజు అడిగాను. స్వామీ, నీ వాహనాన్ని నువ్వు పిలుచుకుంటే సంతోషం, పిలుచుకోకపోతే నేను కుక్కను వదులుతాను, తప్పైతే నాకే రానీ అన్నాను. దీపం నిలకడగా వెలుగుతోంది. దాన్ని సమ్మతి అని చెప్పుకోను. అలా చెప్పుకునేవాళ్లు ఇంట్లో ఒకరు చాలు.

హాల్లో ప్రతి శనివారం జరిగే సహస్రనామ పారాయణ మొదలైంది. బావగారు, ఊళ్లోని నలుగురు పెద్దలు కుర్చీల్లో ఉన్నారు. నేల మీద కూర్చుంటే లేవలేని వయసు వాళ్లది. అత్తగారిని కూడా అక్కడే వాలుకుర్చీలో కూర్చోబెట్టి కాళ్లు స్టూలు మీద పెట్టాను. అరుగు మీదికి వెళ్లి గొలుసు విప్పాను.

దాన్ని పిలవాల్సిన పని లేకపోయింది. బాణంలా గాదె గదిలోకి దూసుకుపోయింది. నేను వెనకే వెళ్లి బస్తా పక్కకు లాగాను. నాలుగు రోజులు తిండి లేని ఆ పిడికెడు ప్రాణి మొరగడం కూడా మానేసి, నడుము దాకా నేలలో దూరి, వెనక్కి మట్టి చిమ్ముతూ తవ్వింది. లోపల కీచుమని ఒక అరుపు. వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చింది, నోట్లో తనలో సగమున్న పందికొక్కు. తలను ఒక్క విదిలింపు విదిలించింది. అంతే. దాన్ని కింద పడేసి, దాని వైపు తిరిగైనా చూడకుండా మళ్లీ దూరింది. రెండోదీ అలాగే అయింది. మూడోది మాత్రం వేరే కన్నంలోంచి తప్పించుకుని, నా కాళ్ల మధ్య నుంచి హాల్లోకి పరుగెత్తింది.

సహస్రనామం ఎక్కడ ఆగిందో నేను చూడలేదు. నేను వెళ్లేసరికి నలుగురు పెద్దల కాళ్లూ కుర్చీల మీద ఉన్నాయి. నేల మీద కూర్చోలేని మనుషులు కుర్చీల మీద గొంతుక్కూర్చున్నారు. బావగారు పుస్తకాన్ని గుండెలకు పట్టుకుని గోడకు అంటుకుపోయారు. కుక్క మూడోదాన్ని ఆయన కుర్చీ ముందే విదిలించి చంపి, అక్కడే వదిలి, నీళ్ల కోసం పెరట్లోకి నడిచింది.

బావగారు పుస్తకం దించి, చచ్చినదాని వైపు వంగి చూశారు.

"తిన్నాదా?"

తినలేదన్నాను. ఈ జాతి చంపి వదిలేస్తుందని, తిండికోసం ఆగదు, ఇంకోదాని కోసం వెళ్లిపోతుందని చెప్పాను. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. పెద్దల వైపు తిరిగి, చూశారా, ముట్టలేదు, దాని నియమం దానికుంది అన్నారు. వాళ్లు కుర్చీల మీద నుంచే తలలూపారు.

అప్పుడు అత్తగారు మాట్లాడారు. గట్టిగా అనలేదు.

"ఒరే, మూడు నెలలుగా నా కాలు పీక్కుతింటన్నాయిరా అవి. నువ్వు కుక్క ముందు జన్మ లెక్కలు సూస్తన్నావు. వ్యాన్ వస్తే వెనక్కి పంపీ. అది ఇక్కడే ఉంటాది."

మడి గుడ్డల దరిదాపుల్లోకి కుక్కను రానివ్వని మనిషి ఆవిడ. తల్లి మాటకు బావగారు తల వంచారు. మా ఆయన మొదటిసారి అన్నగారి మొహం చూడకుండా లేచి, వ్యానతనికి చెప్పిరావడానికి వెళ్లారు.

ఆ మూడింటినీ పెరట్లో నేనే గొయ్యి తీసి పాతాను. మళ్లీ స్నానం చేశాను. పాపం చేశాననిపించలేదు. అలా అనిపించకపోవడమే కాసేపు భయపెట్టింది. బొరియలో పెంకులూ సిమెంటూ కూరి మా ఆయన పూడ్చేశారు. కుక్క మరో వారం పాటు గది అంతా వాసన చూసి, ఇక ఏమీ లేదని తేలాక చెప్పులు కొరకడం మొదలుపెట్టింది. పొద్దున్నే పాలామె ఇంటికి వెళ్లి అక్కడ గుడ్డు తినొస్తుంది. బావగారికి తెలుసు. ఆ సమయానికి ఆయనకు కోవెలలో పని పడుతుంది. ఊళ్లో మాత్రం కథ మారింది. శనివారం పారాయణ మహిమ వల్ల ఇంట్లోని దుష్టజీవులు వాటంతటవే బయటపడ్డాయని ఆయన చెబుతున్నారు. కుక్క పేరెత్తడం లేదు. ఒకసారి అపశకునమన్నదాన్ని మళ్లీ భక్తుణ్ని చెయ్యడానికి ఆయనకింకా దారి దొరకలేదు.

నెలన్నర తర్వాత శ్రీకాకుళం వెళ్లాం. డాక్టరు కట్టు విప్పి, వేలిని అటూ ఇటూ తిప్పి, నొక్కి చూశాడు. చర్మం పూర్తిగా కలిసింది, తియ్యాల్సిన పని లేదు అన్నాడు. ఈసారి ఏం మందు వాడారని అడిగాడు. మాతో వచ్చిన బావగారు గొంతు సవరించుకుని, మా ఇంట్లో శనివారం శనివారం అని మొదలుపెట్టారు.

"కుక్కని కట్టడం మానీసినాం బాబూ," అన్నారు అత్తగారు.

డాక్టరుకు అర్థం కాలేదు. ఆవిడ బల్ల మీద నుంచి దిగి, అయిదు వేళ్లూ నేలకు ఆన్చి, నా భుజం పట్టుకోకుండానే తలుపు దాకా నడిచారు. బావగారు ఇంకా డాక్టరుకు పారాయణ గురించి చెబుతూనే ఉన్నారు. నేను ఆ పాదం వెనకే నడిచి, బయట వరండాలో ఒక్క క్షణం ఆగి, గోడ వైపు తిరిగి స్వామికి దండం పెట్టుకున్నాను.